ఆ గూడబాతు ఫోటోకి నేను మొదట మూడు మార్కులే వేశాను

పోయిన డిసెంబరులో మా ఫోటోగ్రఫీ క్లబ్బు వార్షిక పోటీకి వన్యప్రాణుల విభాగంలో నన్ను జడ్జిగా కూర్చోమన్నారు. పదేళ్లుగా గుంటూరు చుట్టుపక్కల చెరువుల వెంట పక్షుల ఫోటోలు తీస్తున్నాను కానీ, వేరేవాళ్ల ఫోటోకి మార్కులు వేయడం నాకు అదే మొదటిసారి. ముందురోజు రాత్రి బాగా టెన్షన్ పడ్డాను. తెల్లవారకుండా లేచి, మంచులో గంటలు గంటలు కూర్చుని తీసిన ఫోటోని కొన్ని సెకన్లలో తేల్చేయడమంటే చిన్న విషయం కాదు.

మొత్తం ముగ్గురం. ఒకరు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మేడం. ఇంకొకరు ఎన్నో ఏళ్లుగా సలోన్లకు, అంటే ఫోటోగ్రఫీ పోటీ ప్రదర్శనలకు, ఫోటోలు పంపుతున్న సీనియర్. గదిలో లైట్లు ఆపేసి తెర మీద ఒక్కో ఫోటో చూపిస్తారు. తీసినవాళ్ల పేరు ఉండదు. తొమ్మిదికి ఎన్నో రాయాలి. ముగ్గురి మార్కుల మధ్య బాగా తేడా వస్తే ఆ ఫోటో మళ్లీ వేసి మాట్లాడుకోవాలి.

అరగంట గడిచేసరికి కన్ను అలవాటు పడిపోయింది. చేపను నోట కరిచిన లకుముకిపిట్ట, రెక్కలు విప్పి వాలుతున్న పాలపిట్ట, రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆరు, ఆరు, ఏడు అని రాసుకుంటూ పోతున్నాను.

అప్పుడు వచ్చింది ఆ ఫోటో. చెట్టు కొమ్మ మీద గూడబాతు, అదే పెలికాన్. తల వెనక్కి వాల్చి, ముక్కు బార్లా తెరిచింది. కింది ముక్కుకి వేలాడాల్సిన సంచి బోర్లాపడి మెడ మీద తొడుగులా బిగుసుకుంది. ఆ పల్చటి చర్మం లోపలి నుంచి మెడ పొడుచుకొచ్చి, గొంతు చీల్చుకుని ఎముక బయటికి వచ్చిందేమో అన్నట్టుంది. చూడగానే ఒళ్లు జలదరించింది. పక్షికి ఏదో అయ్యింది, గాలమో ప్లాస్టిక్కో గొంతులో ఇరుక్కుంది అనుకున్నాను. లేదంటే కంప్యూటర్లో ఏదో చేశారు. ఏదైనా సరే, ఎక్కువ మార్కులు ఇవ్వబుద్ధి కాలేదు. మూడు వేశాను. సీనియర్ గారు నాలుగు. మేడం తొమ్మిది.

లైట్లు వేశారు.

"అది బాధ కాదండీ," అన్నారు మేడం. "సంచి సాగదీసుకుంటోంది. మనం నిద్ర లేచి ఒళ్లు విరుచుకోమూ? అలాంటిదే. ఆ చర్మం ఎప్పుడూ మెత్తగా, సాగేలా ఉండాలి దానికి. లేకపోతే చేపలు ఎలా పడుతుంది?"

దాని పేరులోనే ఉంది ఆ సంచి. కాలవలో నీళ్లను పొలానికి తోడే బుట్టని మన పల్లెల్లో గూడ అంటారు. ఇద్దరు చెరోవైపు తాళ్లు పట్టుకుని గూడ వేస్తుంటే చిన్నప్పుడు మా తాతగారి ఊళ్లో చూశాను. నీళ్లతో సహా చేపను తోడేసే ముక్కు కాబట్టి ఇది గూడబాతు. చిన్నప్పటి నుంచీ తెలిసిన పేరే. కానీ ఆ గూడను అది ఇలా తిరగేస్తుందని మాత్రం నాకు తెలియదు.

మేడం ఇంకొకటి చూపించారు. ఫ్రేములో ఎడమవైపు, కాస్త వెనకగా ఇంకో గూడబాతు ఉంది. తల వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో పెట్టుకుని కునుకు తీస్తోంది. "ఎవరైనా వీటిని బెదరగొట్టి ఉంటే ఇది ఇలా పడుకుంటుందా?" అన్నారు. నేను చూసిందల్లా ఆ మెడ ఒక్కటే. ఫోటో అంతా చూడనే లేదు.

అయినా మార్కు మార్చడానికి నాకు మనసొప్పలేదు. తెలియకుండా మూడు వేయడం ఎంత తప్పో, ఎవరో చెప్పారని తొమ్మిది వేయడమూ అంతే తప్పు. పై వరసలో ఉన్న ఫోటోలకి ఎలాగూ రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడ్డ, ఏ మార్పూ చేయని అసలు ఫైళ్లు తెప్పిస్తారు. ఆ చివరి రౌండు వచ్చే ఆదివారం. ఈలోగా నేను ఉప్పలపాడు వెళ్లాను.

గుంటూరు పక్కనే ఉన్న ఊరది. చెరువు చిన్నదే. మధ్యలో మట్టి దిబ్బలు, వాటి మీద ముళ్ల చెట్లు, చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఊరివాళ్లు కాపాడుకుంటున్నారు కాబట్టే అవి అంత దగ్గరగా ఉంటాయి. తెల్లారేసరికి వెళ్లి కూర్చున్నాను. రెండు గంటలపాటు గూళ్లకి పుల్లలు తేవడం, పిల్లలు తల్లి నోట్లోకి తల దూర్చి తినడం చూశాను. ఎండ కాస్త పైకొచ్చాక, నాకు ఎదురుగా ఉన్న పక్షి ముక్కు పైకెత్తి, తల వెనక్కి లాగి, సంచిని మెడ మీదికి బోర్లించింది. రెండు సెకన్లు కూడా లేదు. కెమెరా ఎత్తేలోపు మామూలుగా కూర్చుంది, ఏమీ జరగనట్టు. మధ్యాహ్నం దాకా ఉంటే ఇంకో రెండుసార్లు చూశాను. ఒక్కటీ నాకు సరిగ్గా దొరకలేదు.

ఆ పోటీ ఫోటోలో కన్ను స్పష్టంగా ఉంది. పై ముక్కు అంచున వరసగా ఉండే చుక్కలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. సంచి వెనక నుంచి ఎండ పడి రక్తనాళాలు ఆకు ఈనెల్లా కనిపిస్తున్నాయి. అదంతా ఆ రెండు సెకన్లలో. ఇంటికి వచ్చి నా కాగితం మీద మూడు కొట్టేసి తొమ్మిది వేశాను.

అలాగని అనుమానపడటం తప్పని నేను అనను. వింత భంగిమ చూస్తే అనుమానం రావాలి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2009లో గేటు మీంచి దూకే తోడేలు ఫోటోకి అత్యున్నత బహుమతి ఇచ్చి, అది శిక్షణ ఇచ్చిన తోడేలై ఉంటుందని మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో గెలిచిన ఒక ఫోటోలోని చీమలు తినే జంతువు బతికున్నది కాదు, చచ్చినదాని తోలులో గడ్డి కూరిన బొమ్మేనని 2018లో తేల్చారు. పక్షుల విషయంలో అయితే గూట్లోంచి పిల్లల్ని తీసి కొమ్మ మీద వరసగా కూర్చోబెట్టి తీసేవాళ్లున్నారు. అలాంటి ఫోటో ఎంత ముద్దుగా ఉన్నా నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను. పక్షి ఆ పని తనంతట తాను చేస్తోందా, లేక మనిషి చేయిస్తున్నాడా అన్నది తేలాకే వెలుతురు, ఫోకస్ గురించి మాట్లాడాలి.

ఆదివారం రా ఫైలు తెరిచారు. అడక్కపోయినా వరసగా తీసిన ఐదు ఫ్రేములూ పంపాడా కుర్రాడు. ముక్కు ఎత్తడం దగ్గర నుంచి మళ్లీ దించడం దాకా అంతా ఉంది. భంగిమ నూటికి నూరుపాళ్లు నిజం. నాకు చాలా సంతోషమేసింది.

అప్పుడు సీనియర్ గారు వేలుతో చూపించారు. రా ఫైలులో కుడివైపు నుంచి ఒక ముళ్ల రెమ్మ వచ్చి పక్షి తోకకి అడ్డంగా ఉంది. పోటీకి పంపిన ఫోటోలో అది లేదు.

అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికా ఫోటోగ్రఫీ సొసైటీ పీఎస్‌ఏ, బ్రిటన్ రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి 2015 నుంచి నేచర్ ఫోటోకి ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. మా పోటీ కూడా దాన్నే పాటిస్తుంది. క్రాప్ చేసుకోవచ్చు, అంటే అంచులు కోసుకోవచ్చు. సెన్సార్ మీది దుమ్ము మచ్చలు, నాయిస్ అనే గరుకు చుక్కలు తీసేయొచ్చు. కానీ ఫ్రేములో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. ఆ వైపు క్రాప్ చేస్తే తోక పోతుంది. అందుకే రెమ్మని క్లోన్ చేసి, అంటే పక్క భాగాన్ని దాని మీద అతికించి, కనపడకుండా చేసి ఉంటాడు. పక్షి మీద చెయ్యి పెట్టలేదు కదా అని నేను కాసేపు వాదించాను. మేడం కూడా బాధపడ్డారు. కానీ ఈ ఒక్క రెమ్మకి సరే అంటే రేపు ఇంకొకరి కొమ్మకి, ఆపైన పక్కన ఉన్న పక్షికి ఏమని కాదంటాం? ఫోటోని పక్కన పెట్టాం. కారణం రాయాల్సిన చోట నేనే రాశాను: "భంగిమ నిజమైనది, అద్భుతమైనది. అభ్యంతరం తీసేసిన రెమ్మ గురించి మాత్రమే."

బహుమతుల రోజు ఆ అబ్బాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడట. "సార్, ఆ రెమ్మ ఉంటే మార్కులు తగ్గుతాయని భయపడి తీసేశాను," అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. ల్యాప్‌టాప్ తెరవమన్నాను. హాల్లో వెనక బల్ల మీద కూర్చుని అసలు ఫ్రేము వేసుకుని చూశాం. రెమ్మ అలాగే ఉంచి, కింద కాస్త, ఎడమవైపు కాస్త కోశాం. కునుకు తీస్తున్న రెండో పక్షి ఫ్రేములోనే ఉంది. ముళ్లు తోకకి అడ్డంగానే ఉన్నాయి. కానీ ఆ ముళ్ల వల్లే అది ఏ చెట్టు మీద, ఎంత ఇరుకులో కూర్చుని ఒళ్లు విరుచుకుంటోందో తెలుస్తోంది.

"ఇదే పంపాల్సింది సార్," అన్నాడు.

వచ్చే డిసెంబరుకి ఇదే పంపమన్నాను.