‘చిన్న’ సవరణ బిల్లు రాసిన నా అనుభవం

శాసన రచన కోర్సులో ఆఖరి పని ఇదీ: అంతర్జాతీయ నేరాలకు సంబంధించిన మన చట్టం ఒకటి తీసుకుని, విధానం (పాలసీ) జోలికి పోకుండా సాంకేతిక సవరణలతో మాత్రమే బిల్లు రాయాలి. నేను ప్రాక్టీసు చేసేది పర్లాకిమిడిలో. భూమి తగాదాలు, బెయిళ్లు, చెక్ బౌన్సులు తప్ప ఇక్కడ యుద్ధ నేరాల ఊసే ఉండదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన ఒప్పందం, 1998 నాటి రోమ్ శాసనంలో మన దేశం చేరలేదు కాబట్టి దాని కోసం చేసిన చట్టమూ లేదు. దాంతో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం పట్టుకున్నాను. యుద్ధంలో గాయపడినవాళ్లను, ఖైదీలను, పౌరులను కాపాడే ఆ ఒప్పందాలను తీవ్రంగా ఉల్లంఘిస్తే శిక్షించే చట్టమిది. 1949 ఒప్పందాలు నాలుగూ షెడ్యూళ్లుగా ఉండటం వల్ల లావుగా కనిపిస్తుంది గానీ, అసలు చట్టం కొద్ది పేజీలే.

5వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. చీఫ్ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు (మద్రాసు లాంటి పాత ప్రెసిడెన్సీ నగరాల్లో పెద్ద మేజిస్ట్రేటు) లేదా సెషన్స్ కోర్టు కన్నా కింది కోర్టు ఈ నేరాలను విచారించకూడదట. మా సీనియర్ గారికి చూపిస్తే, “మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది 1936లో. ఈ మేజిస్ట్రేటు ఇంకా ఉన్నాడేటి?” అన్నారు.

లేడు. 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక, ఆ పేరున్న చోటల్లా చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అని చదువుకోమన్నారు. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్లనూ తీసేసింది.

రెండు దారులు కనిపించాయి. ‘చీఫ్ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు’ అన్న మాటల స్థానంలో చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు (జిల్లాలో మేజిస్ట్రేట్లకు పెద్ద) అని పెట్టడం ఒకటి. ఆ మాటలు కొట్టేసి సెషన్స్ కోర్టునే ఉంచడం రెండోది. సీనియర్ గారు రెండోదే నయమన్నారు. 3వ సెక్షన్ ప్రకారం, ఈ ఒప్పందాల రక్షణ ఉన్న వ్యక్తిని కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, మిగతా వాటికి పద్నాలుగేళ్ల దాకా జైలు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఏడేళ్లకు మించి వెయ్యలేడు. ఆయన చెప్పింది సబబే. కానీ పార్లమెంటు ఇచ్చిన ఒక కోర్టును పూర్తిగా తీసేస్తే అది సాంకేతిక సవరణ ఎలా అవుతుంది? పాత మెట్రోపాలిటన్ చీఫ్‌కూ ఏడేళ్లే పరిమితి. అందుకే మొదటి దారికే కట్టుబడ్డాను. ఏడేళ్లు దాటే నేరాలు ఎలాగూ సంహిత మొదటి షెడ్యూలు కింద సెషన్స్‌కే పోతాయి.

17వ సెక్షన్ చూస్తే మాత్రం చెయ్యి దురద పెట్టింది. ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోకూడదు. బాధితుడికి దారే లేదు. నా మటుకు నాకు అది అన్యాయం. అయినా అది విధానం, ముట్టుకోలేదు.

బిల్లు అర పేజీ. బిల్లు ఎందుకో చెబుతూ దానికి జతచేసే ఉద్దేశాల వివరణ దానికి మూడింతలైంది. అమలు తేదీని గెజెట్ నోటిఫికేషన్‌కు వదలకుండా, రాష్ట్రపతి ఆమోదం పొందిన రోజు నుంచే అని రాసి పంపేశాను.