మీటరుకి ఇంత, గంటకి ఇంత

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఇంటి తలుపు తట్టినా బయటి దేశంలో ఉన్న మనిషి ఒకడైనా ఉంటాడు. దుబాయ్‌లో వెల్డరో, మస్కట్‌లో ఫిట్టరో, సింగపూర్‌లో రిగ్గరో. సముద్రం ఒడ్డు ఊళ్ళ వాళ్ళయితే గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉంటారు. అందుకే నేను కెనడా వెళ్ళానంటే మా ఊళ్ళో ఎవరూ నోరు తెరవలేదు. అక్కడ స్తంభాల మీద కేబుల్ లాగుతున్నానని తెలిశాకే తెరిచారు. "ఏటిరా అల్లుడూ, లచ్చలు పోసి అంత దూరం ఎల్లింది స్తంభాలెక్కడానికా? మనకి స్తంభాలు లేవేటి?" అని మా పెద్ద మావయ్య అడిగాడు. ఆయన లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ మాటలో ఎగతాళి పావు వంతే. మిగతాదంతా అక్కడి స్తంభం ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న ఆత్రం.

నిజానికి నేను పని నేర్చుకున్నది ఇక్కడి స్తంభాల మీదే. కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ ఫైబర్ వేసే పని రాష్ట్రమంతా జరిగిన రోజులవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ఆ ఫైబర్ గ్రిడ్‌ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను అంటే మా అమ్మ మొదట నమ్మలేదు. ఆ సందడిలో కేబుల్ పని తెలిసిన కుర్రాళ్ళకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నేను అప్పుడే డిప్లొమా పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. ఒక ప్రైవేటు మేస్త్రీ కింద చేరి పట్టణంలో కేబుల్ టీవీ లైన్లు లాగాను. కిలోమీటరుకి ఇంత అని లెక్క. నిచ్చెన, తాడు, కటింగ్ ప్లేయరు. సేఫ్టీ బెల్టు ఒకటుండేది, అది ఎప్పుడూ ఆటోలోనే ఉండేది.

మావయ్య దగ్గర మాత్రం ఒకే మాట. ఎల్‌సీ తీసుకున్నారా? లైన్ క్లియర్ అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైనుకి కరెంటు పంపే ఫీడరు ఆపి, ఆపినట్టు రాసి ఇచ్చాకే స్తంభం మీద చెయ్యి వెయ్యాలి. అది ఇచ్చినా ఎర్తింగ్ చేసుకోకుండా ముట్టుకోకూడదు, ఎందుకంటే ఏ ఇంటి జనరేటరు నుంచో వెనక్కి కరెంటు రావచ్చు. "వైరు చచ్చిందని ఎవుడు చెప్పినా నమ్మకు, నువ్వు చంపేక కూడా నమ్మకు" అనేవాడు. మా మేస్త్రీకి ఎల్‌సీ అంటే పూట దండగ. కేబుల్ కరెంటు తీగలకి కిందే కదా ఉండేది, పైకి చూడకుండా పని చేసుకోండి అనేవాడు. కిలోమీటరు లెక్కలో పైకి చూడటానికి డబ్బులు లేవు మరి.

కెనడాకి ఎలా వెళ్ళానన్నది అందరి కథే. రెండేళ్ళ కాలేజీ కోర్సు, ఆ తర్వాత మూడేళ్ళ వర్క్ పర్మిట్టు, బ్యాంకు అప్పు, మా నాన్న జీడితోట కాగితాలు తాకట్టు. కోర్సు నెట్‌వర్కింగ్‌లో చేశాను. ఆఫీసు ఉద్యోగం దొరకలేదు. "ఎత్తంటే భయం లేదు కదా?" అని ఒక పంజాబీ కుర్రాడు అడిగాడు. లేదన్నాను.

అక్కడి స్తంభం గురించి మావయ్యకి అరుగు మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించాను. ఎక్కువగా కర్రవే. "కర్రా? చెద పట్టదేటి?" పట్టకుండా మందు ఎక్కిస్తారు, అయినా ఏళ్ళు గడిస్తే నేల దగ్గర లోపల పుచ్చుతుంది. అందుకే ఎక్కే ముందు సుత్తితో కొట్టి వినాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. నలభై అడుగుల స్తంభమైతే ఆరడుగులు నేలలో ఉంటుంది, పొడవులో పదో వంతుకి రెండడుగులు కలిపి లెక్క. మావయ్య వెంటనే అందుకున్నాడు. "మనది ఆరో వంతు. తొమ్మిది మీటర్ల సిమెంటు స్తంభానికి మీటరున్నర." ఆ లెక్కలు పోల్చుకుంటూ కాసేపు మా ఇద్దరికీ మూడో మనిషి కనపడలేదు.

స్తంభం మీద ఎవరి చోటు వాళ్ళదే. అన్నిటికన్నా పైన హైవోల్టేజీ తీగ, దాని కింద ట్రాన్స్‌ఫార్మరు, ఆ కింద ఇళ్ళకెళ్ళే తీగలు, న్యూట్రల్. అక్కణ్ణుంచి సుమారు ఒక మీటరు ఖాళీ. ఆ ఖాళీ కింద ఫోను, కేబుల్ టీవీ, ఫైబర్ వాళ్ళ చోటు. ఆ మీటరులోకి మేం తల కూడా పెట్టకూడదు. కొత్త కేబుల్‌కి కింద చోటు సరిపోకపోతే ముందున్నవాళ్ళు తమ కేబుళ్ళు జరుపుకోవాలి, కొన్నిసార్లు స్తంభమే మార్చాలి. ఆ కాగితాలన్నీ అయ్యేసరికి నెలలు పడుతుంది. కేబుల్ లాగే పని రోజుల్లో అయిపోతుంది.

లాగే పద్ధతి కూడా మనకన్నా వేరు. మన దగ్గర ఎక్కువగా వేసింది ఏడీఎస్ఎస్ రకం. లోపల ఎక్కడా లోహం ఉండదు, తన బరువు తానే మోసుకుంటుంది, క్లాంపు బిగిస్తే చాలు. అక్కడ నేను చేసిన చోట్ల ముందు స్తంభం నుంచి స్తంభానికి స్ట్రాండ్ అనే ఉక్కు తీగ బిగిస్తారు. దానికి రోలర్లు తగిలించి వాటిలోంచి కేబుల్ లాగుతారు. ఆ తర్వాత లాషర్ వస్తుంది. స్ట్రాండ్ మీద కూర్చునే యంత్రం అది, మోటారు ఉండదు. కింద నుంచి ఒకడు తాడు పట్టుకుని లాగుతూ నడిస్తే, దాని డ్రమ్ము గిర్రున తిరుగుతూ సన్నటి స్టీలు తీగను ఉక్కు తీగకూ కేబుల్‌కూ కలిపి చుట్టుకుంటూ పోతుంది. మా నాయనమ్మ పొగాకు చుట్టకి దారం చుట్టినట్టే. లాగేవాడు ఒకే నడకలో నడవాలి. ఆగి ఆగి లాగితే చుట్టు వదులవుతుంది, గాలికి కేబుల్ కొట్టుకుంటుంది. స్తంభం దగ్గరికొచ్చాక పైన లారీ చేతికి బిగించిన బకెట్‌లో ఉన్నవాడు చుట్టు తీగను కోసి, క్లాంపుకి మెలేసి, లాషర్‌ని ఎత్తి స్తంభానికి అవతలి వైపు పెట్టాలి. బరువైన యంత్రం. చలికాలంలో మైనస్ ఇరవైలో ఆ సన్నటి తీగను మెలెయ్యడానికి లావు గ్లవ్స్ పనికిరావు, పల్చటివి వేసుకుంటే వేళ్ళు చెప్పిన మాట వినవు. ఆ సమయంలో కింద వెచ్చటి వ్యానులో కూర్చుని గాజు పోగులు అతికే స్ప్లైసర్‌ని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

నేను మొదట చేరిన గుంపు ఒక సబ్ కాంట్రాక్టరుది. ఉద్యోగమని కాదు, "నీ పేరు మీద చిన్న కంపెనీ రిజిస్టర్ చేసుకో, నీ కంపెనీకి బిల్లు కడతాం" అన్నాడు. వినడానికి గొప్పగా ఉంది. ఊళ్ళో అమ్మకి కూడా అలాగే చెప్పాను, సొంత కంపెనీ అని. అసలు సంగతి ఏమిటంటే, ఉద్యోగి అయితే మేమున్న ఆంటారియో రాష్ట్రంలో వారానికి 44 గంటలు దాటాక గంటకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కంపెనీకి అదేమీ ఉండదు. లెక్క మీటరుకి. స్ట్రాండ్ బిగిస్తే మీటరుకి ఇంత, లాషింగ్ మీటరుకి ఇంత. వాన పడితే సున్నా. స్తంభం పుచ్చిందని పక్కన పెడితే సున్నా. అక్కడి మనుషులు వేరు, భాష వేరు, బళ్ళు వేరు గానీ మొదటి వారంలోనే నాకు మా మేస్త్రీ ఆటో గుర్తొచ్చింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎండ బాగున్న వారాల్లో ఆ గుంపులో నా చేతికొచ్చినంత డబ్బు ఇంతవరకూ మళ్ళీ రాలేదు. అప్పులో సగం ఆ ఒక్క వేసవిలోనే తీరింది. అందుకే కుర్రాళ్ళు దాన్ని వదలరు.

ఒక సాయంత్రం రోడ్డుకి అడ్డంగా లాగుతున్నాం. బోర్డు పట్టుకుని బళ్ళు ఆపే మనుషులని మా యజమాని గంట ముందే పంపించేశాడు, వాళ్ళకి గంట లెక్కన ఇవ్వాలి కదా. తాడు అవతలి స్తంభం మీదుగా నా చేతిలోకి వచ్చింది, ఇంకా బిగియలేదు, రోడ్డు మధ్యలో కిందికి వేలాడుతోంది. మలుపులోంచి కంకర లారీ వచ్చింది. దాని డబ్బా అంచుకి తాడు తగులుకుంది. నా అరచేతుల్లోంచి తాడు ఎంత వేగంగా జారిందంటే తోలు గ్లవ్స్ నుంచి కమురు వాసన వచ్చింది. స్తంభం మీద రోలర్ ఊడి గుంటలో పడింది. లారీ ఆగలేదు. తాడు దానంతటదే తప్పుకుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అదే అప్పటికి ఉక్కు తీగ లాగుతూ ఉండి, అది ఎగిరి పైన హైవోల్టేజీకి తగిలి ఉంటే ఏమయ్యేదో మావయ్యకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన బొగ్గు బొమ్మ వంక చూస్తూ ఉండిపోయాడు. "మీవోడు ఏటన్నాడు?" అని అడిగాడు చివరికి. రోలర్ దొరికిందా అన్నాడు మావయ్యా, అంతే. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ స్పాను, అంటే రెండు స్తంభాల మధ్య తీగ, ఉండాల్సిన దానికన్నా కిందికి వేలాడుతోందని రాశారు. మళ్ళీ బిగించిన ఖర్చు మా బిల్లుల్లోంచి కోసుకున్నారు.

తర్వాత చేరింది గంట జీతం గుంపు. మేస్త్రీ న్యూఫౌండ్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దాయన. పొద్దున్న బండి వెనక తలుపు దించి, దాని మీద కాగితం పెట్టి, ఇవాళ ఎక్కడ ఏం ప్రమాదం ఉందో అందరిచేతా చెప్పించి సంతకాలు పెట్టించేవాడు. రోడ్డు మీద బళ్ళకి హద్దుగా పెట్టే శంకువులు పేర్చడానికే అరగంట. ఎత్తున పని చెయ్యడానికి ప్రభుత్వం ఒప్పుకున్న శిక్షణ ఒకటుంది, ఆంటారియోలో నిర్మాణ పనులకి 2015 నుంచి తప్పనిసరి, మూడేళ్ళకోసారి మళ్ళీ వెళ్ళాలి. ఆ రోజు జీతం కూడా ఇచ్చి పంపించారు. స్ట్రాండ్ ముట్టుకునే ముందు ప్రతిసారీ టెస్టరు పెట్టాలి. నిన్న అదే తీగ మీద పని చేసినా సరే. మావయ్య తొడ చరిచాడు. "సూసేవా! నానూ అదే కదరా సెప్పింది!"

వేలాడే కొలతకి కూడా పట్టిక ఉంటుంది. ఎండాకాలంలో ఉక్కు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. జూలైలో అందంగా బిగించిన తీగ జనవరిలో స్తంభాన్ని పక్కకి లాగేస్తుంది. కాబట్టి ఆ పూట ఉష్ణోగ్రత చూసి, స్పాను పొడవు చూసి, ఇంత వేలాడాలని కొలిచి బిగించేవాళ్ళం. మీటరు గుంపులో ఆ పట్టిక బండి డ్యాష్‌బోర్డులో ఉండేది, కాఫీ మరకలతో.

గంట జీతం గుంపులో ఏమీ బాధ లేదని కాదు. నేల గడ్డకట్టి పని తగ్గితే మొదట ఇంటికి పంపేది కొత్తవాళ్ళనే. రెండు నెలలు అలా కూర్చున్నాను కూడా. విసుగూ ఉంటుంది.

2022 మే 21, శనివారం. పొడుగు సెలవుల వారాంతం. దక్షిణ ఆంటారియో మీదుగా క్యుబెక్ దాకా డెరేచో అనే గాలివాన ఒకటి దూసుకుపోయింది. పెద్ద పెద్ద చెట్లు తీగల మీద పడి స్తంభాలు వరసగా విరిగిపోయాయి. మేం వెళ్ళేసరికి రోడ్డు పక్కన విరిగిన కర్రలు, వాటికి చుట్టుకుని మా కేబుళ్ళు. ముందు కరెంటు వాళ్ళు స్తంభం పాతాలి, తీగ వెయ్యాలి, ఆ తర్వాతే మా వంతు. ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు మేస్త్రీ 1998 జనవరి మంచు తుపాను కథ చెప్పాడు. రోజుల తరబడి వాన తీగల మీదే గడ్డకట్టి, ఆ బరువుకి ఉక్కు టవర్లు వెయ్యికి పైగా కూలాయట. నేను మా తిత్లీ తుపాను కథ చెప్పాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్న లేచి చూస్తే మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్తంభాలైతే సిమెంటు విరిగి లోపలి ఇనప కమ్మీలు బయటికొచ్చి వాలిపోయాయి. వేరే జిల్లాల నుంచి లైన్‌మేన్లు వచ్చి బడుల్లో పడుకుని పని చేశారు. మావయ్య వారం దాకా ఇంటికి రాలేదు.

అప్పుడు నేను గమనించినది ఒకటుంది. డెరేచో తర్వాత మీటరు గుంపులని కూడా గంట లెక్కకే పిలిచారు. అంత పాడైన చోట మీటరుకి ఇంత అంటే ఎవడూ రాడు కాబట్టి. నా పాత గుంపు కుర్రాళ్ళు అక్కడే కనపడ్డారు, హెల్మెట్లు పెట్టుకుని, శంకువులు వరసగా పేర్చుకుని, స్తంభాన్ని సుత్తితో కొట్టి మరీ వింటున్నారు. మనుషులు వాళ్ళే. లెక్క మారిందంతే.

ఈ నెల నేనిక్కడ ఉన్నానని తెలిసి ఊళ్ళో కుర్రాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తున్నారు. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి. రుసుం కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని రూలుంది. మా వీధిలో లక్షన్నర కట్టినవాళ్ళున్నారు.

నిన్న వచ్చిన కుర్రాడిది కేబుల్ పనే. మస్కట్‌లో అన్నాడు. కాగితంలో జీతం అంకె పెద్దదే. కింద చిన్న అక్షరాల్లో, నెలలో ఇన్ని మీటర్లు పూర్తి చేస్తేనే ఆ అంకె అని, పనిముట్ల ఖర్చు జీతంలోంచి కోస్తామని ఉంది. ఇద్దరం కూర్చుని చదివాం. వాడి ముందే ఏజెంటుకి ఫోను చేసి స్పీకర్ పెట్టించాను. స్తంభాలు ఖాళీగా లేకపోతే, పర్మిషన్ రాకపోతే ఆ రోజుకి ఏమిస్తారని వాడిచేతే అడిగించాను. ఏజెంటు కాసేపు తడుముకుని, కంపెనీ వాళ్ళని అడిగి రేపు చెప్తానన్నాడు. ఇవాళ మధ్యాహ్నం దాకా చెప్పలేదు. పాస్‌పోర్టు మాత్రం ఏజెంటు దగ్గరే ఉంది, దాన్ని వెనక్కి తెచ్చుకోమని వాళ్ళ నాన్నని టెక్కలి పంపించాం.