షోరూమ్ సర్వీసింగ్ బిల్లు: నా గొడవ లేబర్ చార్జీ మీద కాదు

షోరూమ్‌లో కారు సర్వీసింగ్ అంటే నిలువు దోపిడీ అని మా ఆఫీసులో ఎవరో ఒకరు అనని నెల ఉండదు. ఆ వెంటనే పక్క సీటాయన అందుకుని, "ఆటోనగర్‌కి పట్టుకెళ్లండి, మూడో వంతులో అయిపోతుంది" అంటాడు. ఈ రెండు మాటలూ వినీ వినీ నాకు విసుగొచ్చింది. రెండూ సగం సగమే నిజం.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. మా క్లయింట్లలో ఆటోనగర్ స్పేర్‌పార్టుల షాపులవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కొనుగోలు బిల్లులూ అమ్మకం బిల్లులూ నా టేబుల్ మీదికే వస్తాయి. అందుకని సర్వీసింగ్ బిల్లు చేతికిస్తే అడుగున టోటల్ చూసి నిట్టూర్చడం నాకు చేతకాదు. పైనుంచి ఒక్కో లైనూ చదువుతాను. అలా చదివితే ఏది న్యాయమో ఏది అన్యాయమో వేరువేరుగా కనబడుతుంది.

మాది చిన్న పెట్రోల్ కారు. పోరంకి నుంచి ఆఫీసుకి, సెలవొస్తే తెనాలిలో అమ్మావాళ్ల ఇంటికి. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. కొన్న షోరూమ్‌లోనే సర్వీసింగ్. మొన్న ఇచ్చినప్పుడు అడ్వైజర్ పంపిన ఎస్టిమేట్ పన్నులతో కలిపి 12,210 రూపాయలు. దాన్ని విడదీస్తే ఇదీ సంగతి: ఇంజన్ ఆయిల్ మూడున్నర లీటర్లు 1,800. ఆయిల్ ఫిల్టర్ 110, డ్రెయిన్ బోల్టు వాషర్ 20. ఎయిర్ ఫిల్టర్ 280, ఏసీ ఫిల్టర్ 450. బ్రేక్ ఆయిల్ 250. లేబర్ 1,900. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 900. కన్స్యూమబుల్స్ అని 150. ఇక్కడిదాకా 5,860. మిగతా 6,350 ఎక్కడిదంటే, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 850, ఇంజన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం) 1,500, ఏసీ డిసిన్ఫెక్షన్ 1,100, అండర్‌బాడీ కోటింగ్ 2,900. సగానికి పైగా సొమ్ము ఈ నాలుగు లైన్లదే.

మొదట లేబర్ సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ తిట్టేది దాన్నే. "ఆయిల్ మార్చడానికి పంతొమ్మిది వందలా, ఆటోనగర్‌లో ఐదొందలు" అంటారు. ఆ పంతొమ్మిది వందల్లో దాదాపు 290 రూపాయలు ప్రభుత్వానికి పోయే జీఎస్టీ. సర్వీసు మీద 18 శాతం. చెట్టు కింద పనిచేసే మెకానిక్ ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే అతనికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు, పన్ను వసూలు చేయడు, చేయకూడదు కూడా. అది ఎగవేత కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటు. మిగిలిన దాంట్లోంచే ఎనికేపాడు హైవే పక్కన ఆ స్థలానికి అద్దె, లిఫ్టులు, స్కానర్, వాటర్ వాష్, కంపెనీ ట్రైనింగ్, ఏటా రాసి పెట్టుకునే సర్వీసు రికార్డు, అన్నీ రావాలి. కొత్త బండి అమ్మితే డీలర్‌కి మిగిలేది చాలా తక్కువ శాతం. షోరూమ్ నడిచేది వర్క్‌షాపు మీద, ఇన్సూరెన్స్ మీద. పిండి కొద్దీ రొట్టె. ఆ రేటు నాకు ఎక్కువే అనిపిస్తుంది గానీ అన్యాయం అనిపించదు. రేటు బోర్డు మీద ఉంది, పని మాన్యువల్‌లో ఉంది, చేసి చూపించారు, బిల్లిచ్చారు.

లేబర్ విషయంలో నాకు బాధ ఇంకోచోట ఉంది. బండి కింద పనిచేసిన కుర్రాడు నూజివీడు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చాడు, ఐటీఐ చదివాడు. లిఫ్టు పక్కన నిలబడి మాట్లాడితే జీతం పదమూడు వేలని చెప్పాడు. రోజుకి ఎన్ని బండ్ల కింద దూరతాడో! బిల్లులో లేబర్ అని పెద్దగా రాసిన లైనులో ఆ లేబర్ చేసినవాడికి దక్కేది ఎంత? షోరూమ్ రేటు న్యాయమా కాదా అని వాదించుకునేవాళ్లు ఎవరూ ఈ లెక్క అడగరు.

ఇక ఆ నాలుగు లైన్లు. నా గొడవంతా వీటి మీదే.

పొద్దున్న బండి ఇచ్చి ఆఫీసుకి వచ్చేశాను. పదకొండింటికి అడ్వైజర్ ఫోన్. మంచి పిల్లాడు, మర్యాదగానే మాట్లాడతాడు. "మేడమ్, కింద రస్ట్ స్టార్ట్ అవుతోంది, కోటింగ్ వేయించేద్దామా? థ్రాటిల్ కూడా డర్టీగా ఉంది, క్లీన్ చేస్తే పికప్ బాగుంటుంది. ఎస్ అంటే వర్క్ స్టార్ట్ చేయిస్తాను." ఆ టైములో చాలామంది పనిలో ఉంటారు. సరే కానివ్వండి అనేస్తారు. నేను ఫొటో పెట్టమన్నాను. పెట్టాడు. పెద్దది చేసి చూశాను. ఫ్లోర్ షీటు మీద కంపెనీ వేసిన నల్లటి పూత ఎక్కడా లేవలేదు. దాని మీద పోరంకి రోడ్డు ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. సైలెన్సర్ పైపు వెల్డింగుల దగ్గర మాత్రం గోధుమరంగు తిరిగింది. అది ఏ బండికైనా ఏడాది తిరిగేసరికి వస్తుంది, దానికీ కోటింగ్‌కీ సంబంధం లేదు. బందరులోనో చీరాలలోనో సముద్రపు గాలిలో ఉండే బండికి కోటింగ్ వేయిస్తానంటే అర్థముంది. పోరంకిలో ఇంటి కింద పార్కింగ్‌లో ఉండే బండికి 2,900 దేనికి? "ఈ పైపు తప్ప రస్ట్ ఎక్కడుందో చూపించండి బాబూ" అని అడిగితే, "ప్రికాషన్ మేడమ్" అన్నాడు. అయిదు నిమిషాల కిందట స్టార్ట్ అయిన తుప్పు ఇప్పుడు ప్రికాషన్ అయింది.

థ్రాటిల్ బాడీ సంగతి నాకు వివరంగా చెప్పింది ఆటోనగర్‌లో మా నాన్న స్కూటర్ రోజుల నుంచి తెలిసిన మెకానిక్ బాబాయ్. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. క్రాంక్‌కేసులోంచి వచ్చే ఆయిల్ ఆవిరి, దుమ్ము కలిసి దాని అంచు మీద జిడ్డులా పేరుకుంటాయి. బాగా పేరుకుంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి ఊగుతుంది, ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఆడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. "అట్టా అయినప్పుడు శుభ్రం చేయించాలమ్మా. బాగున్నదాన్ని విప్పి గోకడం దేనికి" అన్నాడు. మా బండి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా ముల్లు కదలదు. ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఉండే పట్టికలో ఏ కిలోమీటరుకి ఏది మార్చాలి, ఏది చూసి వదిలేయాలి అని గళ్లుగా ఇచ్చారు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చమని ఉంది. గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి తక్కువ తిరిగినా మార్చాల్సిందే, అందుకే ఆ 250 సంతోషంగా ఇచ్చాను. థ్రాటిల్ క్లీనింగ్, డీకార్బనైజింగ్, అండర్‌బాడీ కోటింగ్ ఆ పట్టికలో ఒక్క గడిలోనూ లేవు. ఏసీ డిసిన్ఫెక్షన్ కూడా అంతే. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే చేయించుకోవాలి, మాకు రావట్లేదు.

ఇవన్నీ పనికిరాని పనులని నేను అనను. జబ్బు ఉన్నవాడికి మందు మందే. కానీ బండిని బట్టి చెప్పకుండా నెలనెలా టార్గెట్‌ని బట్టి చెబుతున్నారు. వీటికి వాల్యూ యాడెడ్ సర్వీసులని పేరు, అడ్వైజర్లకి వీటి మీద ఇన్సెంటివ్. ఆ పిల్లాడే బండి ఇచ్చేటప్పుడు నెమ్మదిగా చెప్పాడు, నెలాఖరుకి ఇన్ని కోటింగులు రాయాలని. పైవాళ్లు వాడి మెడ మీద పెట్టిన కత్తిని వాడు మన మీదికి తిప్పుతున్నాడు. మనం టూ వీలర్ నుంచి మొదటిసారి కారుకి మారిన ఊరి జనం. మా బావగారి లాంటివాళ్లకి అడ్వైజర్ మాటే వేదం. ఆయనకి పోయినేడు ఆ షోరూమ్ కాకుండా వేరే చోట పదహారు వేలు బిల్లయింది. తీసి చూస్తే ఏడు వేలు ఇలాంటివే. తెనాలిలో కాలవగట్టు దాటని బండికి డీకార్బనైజింగ్!

నేను ఆ నాలుగు లైన్లూ కొట్టేయించి 5,860 కట్టాను. అడ్వైజర్ కాదనలేదు, మొహం మాడ్చలేదు. అడిగితే కొట్టేస్తారు. అడగాలని తెలిసినవాళ్లకి ఒక రేటు, తెలియనివాళ్లకి రెట్టింపు రేటు ఉంటే, అది ఎంత తక్కువైనా న్యాయమైన ధర ఎలా అవుతుంది?

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అనేది రెండో భయం. కార్ల కంపెనీలు స్పేర్‌పార్టులు బయటి షాపులకి దొరక్కుండా చేస్తున్నాయని, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీల మీద 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. జరిమానా మీద కంపెనీలు పైకోర్టులకి వెళ్లాయి, అది వేరే కథ. ఆ ఆర్డరులో నాకు ముఖ్యంగా తోచిన మాట ఒకటుంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లావు కాబట్టి వారంటీ మొత్తం రద్దు అని గంపగుత్తగా షరతు పెట్టకూడదు, బయట తప్పుగా చేసిన పని వల్ల ఏది పాడైందో ఆ మేరకే కాదనాలి అని కమిషన్ అంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెచ్చినప్పుడు మొబైళ్లు, ట్రాక్టర్లతో పాటు కార్లనీ అందులో చేర్చింది. అయినా కౌంటర్ దగ్గర ఇప్పటికీ వినబడేది ఆ పాత బెదిరింపే. నేను మాత్రం వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్‌లోనే చేయిస్తాను. భయంతో కాదు. గేర్‌బాక్సులో ఏదైనా వస్తే ఎవరు తిప్పిన బోల్టు అనే వాదన లేకుండా ఉంటుందని.

పార్టుల ధరల్లో షోరూమ్‌ని తప్పుపట్టడానికి నాకు పెద్దగా దొరకలేదు. ఫిల్టర్ డబ్బా మీద ఎమ్మార్పీ ఎంతో బిల్లులో అంతే. అదే పార్టు ఆటోనగర్‌లో పది శాతం తగ్గించి ఇస్తారు. కానీ అక్కడ అదే రంగు డబ్బాలో నకిలీ కూడా దొరుకుతుంది, ఆ తేడా కనిపెట్టడం మనలాంటి వాళ్ల వల్ల కాదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల స్పేర్‌పార్టులన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా పార్టుల మీద 28 ఉండేది. మీ బిల్లులో పార్టు ఎదురుగా ఇంకా 28 కనబడితే అక్కడే ఆపి అడగండి.

షోరూమ్ వర్క్‌షాపులు అక్కర్లేదనే వాదన కూడా నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా ఆఫీసులో ఒకాయన కారు సీట్ల దాకా నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గగానే ఆయన తాళం తిప్పబోయాడు. షోరూమ్‌కి ఫోన్ చేస్తే, "సార్, స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ పంపిస్తాం" అన్నారు. ఇంజన్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ ఖర్చు మనదే. ఆ ఒక్క మాట ఆయనకి లక్ష రూపాయల మేలు చేసింది.

అలాగే ఆటోనగర్ చవక అనేవాళ్లు ఆ చవక ఎక్కడిదో కూడా చూడాలి. బాబాయ్ గంటన్నర బండి కింద పడుకుని సస్పెన్షన్ బుష్షులు మారిస్తే ఎనిమిది వందలు అడిగాడు. నా ముందున్న ఆయన అలాంటి పనికే ఆరొందలకి బేరమాడి, రూపాయి ఎక్కువైనా కుదరదన్నట్టు నిలబడ్డాడు. అలాంటివాళ్లే షోరూమ్‌లో కోటింగ్‌కి మూడు వేలు సంతకం పెట్టి వస్తారు. చేతిపనికి ఇవ్వడానికి చెయ్యి రాదు, ఏసీ గదిలో ప్రింటు తీసి ఇచ్చిన కాగితానికి మాత్రం ఎదురు మాట రాదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

షోరూమ్‌వాళ్లని నేను కోరేది చాలా చిన్నది. ఎస్టిమేట్‌ని రెండు ముక్కలు చేయండి. పైన మాన్యువల్ ప్రకారం చేయాల్సినవి, దాని టోటల్. గీత గీసి, కింద మేము చెబుతున్నవి, ఎందుకు చెబుతున్నామో ఒక్క వాక్యం, ఫొటో. కింది భాగానికి విడిగా సంతకం. ఇది చేయడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క రోజు పని. నేను ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, మేనేజర్ ఫోన్ చేసి నోట్ చేసుకున్నామన్నాడు. ఒప్పుకోని పనికి ఎవరైనా బిల్లు వేస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బండి తీసుకునేటప్పుడు పనులు రాసిచ్చే జాబ్ కార్డు, ఎస్టిమేట్, ఫైనల్ బిల్లు మూడూ దాచుకోండి, అక్కడ అడిగేది అవే.

మా వారంటీ ఈ ఏడాదితో అయిపోతుంది. ఆ తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, క్లచ్ బాబాయ్ దగ్గరే చేయించాలని అనుకున్నాను. చేసిన పని, కిలోమీటర్లు, పార్టు నంబరు చీటీ మీద రాసివ్వాలని అడిగితే రాస్తానన్నాడు. ఆయిల్ మాత్రం నువ్వే కంపెనీ షాపులో కొని తెచ్చుకో అమ్మా, డబ్బా సీలు నీ ఎదురుగానే తీస్తాను అన్నాడు.