పోస్టర్ పిల్లలది కాదు, మాది

బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటికి మొదటిసారి వచ్చే తెలుగు బంధువులు ముందుగది గోడకున్న, ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ రాక్ బృందం పోస్టర్‌ను చూసి కాసేపు ఏమీ అనరు. పుర్రె ముఖంతో, చిందరవందర జుట్టుతో పళ్ళికిలిస్తున్న ఎడ్డీ బొమ్మ అది, ఆ బృందపు గుర్తు. కాఫీలు అయ్యాక, పిల్లలు మేడమీదికి వెళ్ళారని రూఢి చేసుకుని, "ఈ దేశంలో పిల్లల్ని పెంచడం కష్టమేలే, ఎంతకని చెబుతాం" అంటూ నన్ను ఓదారుస్తారు. ఆ పోస్టర్ పిల్లలది కాదు. చెన్నైలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నేను అంటించుకున్నది. ఇళ్ళు మారినా, దేశం మారినా, మడతల దగ్గర చిరుగులతో నా వెంటే వచ్చింది. ఈ మాట చెప్పినప్పుడు బంధువుల ముఖాల్లో కనిపించే తికమకకు నేనూ మా ఆయనా ఈపాటికి బాగా అలవాటు పడ్డాం.

మాది ప్రకాశం జిల్లాలో, టంగుటూరుకు దగ్గరగా ఉండే ఒక పల్లె. పొగాకు పండించే ఇల్లు. కర్రలకు అల్లిన పచ్చాకును బ్యారన్‌లోకి, అంటే వేడితో ఆకును ఆరబెట్టే గదిలోకి, ఎక్కించిన తరువాత ఆరేడు రోజులు పొయ్యి ఆరకూడదు, వేడి ఏ రోజుకు ఉండాల్సినదానికంటే హెచ్చకూడదు, తగ్గకూడదు. కనుక రాత్రంతా ఎవరో ఒకరు థర్మామీటరు చూస్తూ మేలుకొని ఉండాలి. చెన్నైలో డిగ్రీ చదువుతున్న మా అన్న సెలవులకు వచ్చినప్పుడు ఆ కాపలా పని అతనిదే. మెటాలికా అనే అమెరికా మెటల్ బృందం 1991లో విడుదల చేసిన నల్ల అట్ట ఆల్బం కేసెట్‌ను నేను మొదట విన్నది ఆ బ్యారన్ పక్కనే, నులకమంచం మీద కూర్చుని, కాలుతున్న ఆకు వాసనలో. నాన్న ఒకసారి లేచి వచ్చి, కాసేపు విని, "ఏందిరా ఆ అరుపులు? సరేలే, నిద్ర పట్టకుండా ఉండటానికి పనికొస్తాయి" అని వెళ్ళిపోయాడు. మెటల్ మీద మా ఇంట్లో వెలువడిన మొదటి విమర్శ అదే. ఇప్పటికీ అంతకంటే సరైన విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

మా ఆయనది నెల్లూరు. ట్రంకు రోడ్డులో ఖాళీ కేసెట్‌లోకి కోరిన పాటలు ఎక్కించి ఇచ్చే ఒక దుకాణానికి చెన్నై నుంచి తెచ్చుకున్న అసలు కేసెట్‌ను పట్టుకెళ్ళి, స్నేహితులకు నకళ్ళు తీయించేవాడట. పాటల పేర్లు రాసే ఓపిక లేక ఆ దుకాణదారు ప్రతి కేసెట్ మీదా "ఇంగ్లీషు గోల" అని రాసి, కింద ఒక అంకె వేసేవాడు. ఆ కేసెట్లలో ఒకటి ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మా పెళ్ళిచూపుల్లో, పెద్దవాళ్ళు మమ్మల్ని మాట్లాడుకోమని వదిలేసినప్పుడు, జీతం సంగతీ ఉద్యోగం సంగతీ ఎత్తకుండా మెయిడెన్‌లో ఏ గాయకుడి కాలం గొప్పదన్న చర్చలో పడిపోయాం.

పెళ్ళయిన కొత్తలో, 2007 మార్చి 17న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీ జరిగింది. బెంగళూరులో పని ఉందని అత్తగారికి చెప్పి నెల్లూరులో రాత్రి బస్సు ఎక్కాం. అది అబద్ధమూ కాదు. మా తరం మెటల్ అభిమానులకు అదే మొదటి పెద్ద కచేరీ. ఆ రోజు ఊరంతా నల్ల చొక్కాలు కనిపించాయి. మన లోపలి పిచ్చి ఇంతమందికి ఉందని తెలిసి విస్తుపోయాం. జనం పాటల్లోని మాటలనే కాదు, గిటార్ వాయించే వరుసలను కూడా గొంతెత్తి పాడుతున్నారు. 2011 అక్టోబరు 30న మెటాలికా అదే మైదానానికి వచ్చేనాటికి మేము బర్మింగ్‌హామ్‌లో ఉన్నాం, మా అమ్మాయి చంకలో పిల్ల. మెటల్ పుట్టిన ఊళ్ళో కూర్చుని, ఒక స్నేహితుడు బెంగళూరులో ఎత్తిపట్టుకున్న ఫోన్‌లోంచి వచ్చే గరగర శబ్దాన్ని కచేరీ అనుకుని విన్నాం.

మెటల్ పుట్టిన ఊరు అన్నది అతిశయోక్తి కాదు. బ్లాక్ సబాత్ 1968లో ఇక్కడే మొదలైంది, జూడాస్ ప్రీస్ట్ బృందానిదీ ఈ ప్రాంతమే. సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ళ వయసులో లోహపు రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, మానేయబోతున్న ఆఖరి రోజున, యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కనుక తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు ముక్కలు అంటించి, పలుచటి తీగలు కట్టుకుని మళ్ళీ వాయించాడు. 1971 నాటి మూడో ఆల్బం వచ్చేసరికి తీగలను మూడు అర్ధస్వరాల మేర కిందికి వదులు చేశాడు. అలా వదులైన తీగల నుంచే ఆ బరువైన, మందమైన ధ్వని వచ్చింది. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కుర్రతనంలో కబేళాలో పనిచేసినవాడు. ఇది కూలినాలి చేసుకునే ఇళ్ళ పిల్లల సంగీతమన్న సంగతి టంగుటూరులో కేసెట్ వినే రోజుల్లో నాకు తెలియదు.

మా అమ్మాయికి ఇప్పుడు 14 ఏళ్ళు. వారాంతాల్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటుంది. సబాత్ మొదటి ఆల్బంలోని మొదటి పాట ఆరంభంలో మూడు స్వరాలే ఉన్నాయని, అవి సా, పై సా, ఆ తరువాత ప్రతి మధ్యమం (రెండు 'మ'లలో హెచ్చుది) అని కనిపెట్టింది అదే. పాశ్చాత్యులు సాకూ ఆ మధ్యమానికీ మధ్య ఉన్న ఎడాన్ని దయ్యానికి అంటగట్టారు. అదే ప్రతి మధ్యమం కల్యాణి రాగంలో అడుగడుగునా పలుకుతుంది, మన పెళ్ళిళ్ళలో నాదస్వరం మీద వినిపిస్తుంది. అమ్మాయి ఈ సంగతి తమ గురువుగారికి చెబితే, ఆవిడ ఆ పాటను ఫోన్‌లో రెండుసార్లు విని, "స్వరం నిలకడగానే ఉంది, గమకం మాత్రం తొందరపడ్డాడు" అన్నారట.

శనివారాల్లో టివిడేల్‌లోని బాలాజీ గుడికి వెళతాం. వెళ్ళేటప్పుడు కారులో అన్నమయ్య కీర్తనలు, తిరిగివచ్చేటప్పుడు జూడాస్ ప్రీస్ట్ అన్నది ఇంటి నియమం. పుర్రె బొమ్మల చొక్కాలతో గుడిలోకి రాకూడదన్నది కూడా నియమమే, అది నాకూ వర్తిస్తుంది.

చిక్కంతా మా అబ్బాయితో వచ్చింది. వాడికి మెటల్ నచ్చదు. వాడి దృష్టిలో అది ముసలివాళ్ళ సంగీతం. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పెద్దాయన పచ్చ కోటు కింద సబాత్ చొక్కా వేసుకుంటాడు. ఆయన వినేది తనెందుకు వినాలన్నది వాడి వాదం. ఆ పెద్దాయనా నేనూ మంచి స్నేహితులమయ్యాం. ఆయనతో మాట్లాడితేనే మా వీధిలో మూతపడ్డ ఫ్యాక్టరీల గురించి, 1970ల నాటి చిన్న హాళ్ళ గురించి తెలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్ళు చాలామంది ఇరుగుపొరుగుతో వాతావరణం తప్ప వేరే మాట ఎత్తరు. నాకు ఆ గుమ్మం తెరిచింది మెటల్. అబ్బాయికి మాత్రం దేవిశ్రీ ప్రసాద్ దరువులు కావాలి. తెలుగు సినిమా పాటల్లో తప్పెట మోగితే చాలు, బల్ల మీదా పళ్ళెం మీదా వేళ్ళు ఆడిస్తూనే ఉంటాడు.

ప్రవాసంలో పిల్లల్ని పెంచే మనం ఇంటి సంస్కృతి, బయటి సంస్కృతి అని రెండు వాటాలు వేసి, మొదటిది తల్లిదండ్రులదనీ రెండోది పిల్లలదనీ చెబుతుంటాం. మా ఇంట్లో ఆ పంపకం కుదరలేదు. బర్మింగ్‌హామ్ సంగీతం నెల్లూరు, టంగుటూరుల మీదుగా, అమ్మానాన్నల వారసత్వంగా మా పిల్లలకు చేరింది. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన కొడుకేమో తప్పెట కోసం పోరు పెడుతున్నాడు. పుట్టిన ఊరు ఇచ్చిందాన్ని కాకుండా వెతికి పట్టుకున్నదాన్నే మేము జీవితాంతం ప్రేమించాం కనుక, వాడిని కాదనే హక్కు మాకు లేదని నా అభిప్రాయం. మా ఆయన దీన్ని పూర్తిగా ఒప్పుకోడు. కనీసం మెయిడెన్ వినాలంటాడు.

2025 వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో పది మీటర్ల ఎత్తు యాంత్రిక వృషభం ఉంది. 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవం కోసం చేసిన దాన్ని మరుసటేడు స్టేషన్‌లో నిలిపి, జనాన్ని ఓట్లు వేయమని అడిగి ఆజీ అని పేరు పెట్టారు. నాన్న ఒంగోలు గిత్తలను మేపిన మనిషి. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మూపురం ఏదమ్మా? గంగడోలూ లేదు. కొమ్ములు మాత్రం బాగుండాయి" అని తేల్చాడు. ఆ ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ చేరాయి. నెల్లూరు పేరుతోనే అక్కడ విస్తరించి, ఆ దేశపు మాంసపు పశువుల్లో సింహభాగం అయ్యాయి. మా అబ్బాయిని మెటల్ వైపు లాగడానికి నేను వాడిన చివరి ఎత్తు కూడా బ్రెజిల్ నుంచి వచ్చిందే: సెపుల్తురా బృందం 1996 నాటి ఆల్బంలో తమ దేశపు డోళ్ళను, షవాంతే ఆదివాసుల గానాన్ని గిటార్లతో కలిపింది. అది విన్నాక వాడు మొదటిసారి, "ఇది పరవాలేదు" అన్నాడు.

అమ్మకు మాత్రం కచేరీల్లో జనం చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తే గుర్తు మీద పెద్ద అనుమానం. ఆ గుర్తును మెటల్‌లో వ్యాప్తి చేసిన రోనీ జేమ్స్ డియో ఇటలీ మూలాలున్న తన అవ్వ దగ్గర దాన్ని నేర్చుకున్నాడనీ, ఆమె దిష్టి తగలకుండా అలా వేళ్ళు చూపేదనీ మనవరాలు చెప్పింది. "దానికి ఉప్పూ మిరపకాయలూ ఉండగా వేళ్ళెందుకు" అంది అమ్మ. అభ్యంతరం మాత్రం అంతటితో పోయింది.

ఆ జులై 5న విల్లా పార్క్ మైదానంలో సబాత్ నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. టికెట్లు మాకు అందలేదు. ప్రత్యక్ష ప్రసారం కొనుక్కుని ఇంట్లో చూశాం. ఆజీ నల్లటి సింహాసనం మీద కూర్చునే పాడాడు. జబ్బుతో కాళ్ళు సహకరించని మనిషి లేవబోయి, లేవలేక, చేతులతోనే జనాన్ని ఊపడం చూసి నాన్న టీవీకి దగ్గరగా జరిగాడు. జులై 22న ఆజీ చనిపోయాడు. 30న శవయాత్ర బ్రాడ్ స్ట్రీట్ మీదుగా, సబాత్ పేరు పెట్టిన వంతెన దగ్గరికి వచ్చినప్పుడు మేమంతా ఆ గుంపులో ఉన్నాం. ముందు బాకాల బృందం సబాత్ పాటలను వాయిస్తూ నడిచింది. చావుకు పాటలేమిటని అమ్మాయి అడిగితే, "మనూళ్ళో తప్పెట్లు లేకుండా పాడె లేస్తుందా?" అన్నాడు నాన్న.

ఆ మాటను అబ్బాయి పట్టుకున్నాడు. తప్పెట ఎవరు కొడతారు, నీకు వచ్చా, నాకు నేర్పిస్తావా అని తాతను వరసగా అడిగాడు. నాన్న సమాధానం చెప్పలేదు. ఆ రాత్రి నేనే చెప్పాను. మా ఊళ్ళో తప్పెట కొట్టేది మాదిగపల్లె వాళ్ళు. జాతరకూ చావుకూ వాళ్ళు రావాలి, ముందు నడవాలి, అయినా మా గడప దాటి లోపలికి వచ్చేవాళ్ళు కాదు, రానిచ్చేవాళ్ళమూ కాదు. మన సంస్కృతి అని పిల్లలకు పండుగలూ పద్యాలూ నేర్పేటప్పుడు ఈ భాగాన్ని మనం ఎంతో నేర్పుగా దాటేస్తాం. వాడు అంతా విని, "మరి సబాత్ వాళ్ళను రానిచ్చేవాళ్ళా?" అని అడిగాడు. ఫ్యాక్టరీలో వేళ్ళు తెగినవాడు, కబేళాలో పనిచేసినవాడు మా ఊళ్ళో పుట్టి ఉంటే ఎక్కడ నిలబడేవాళ్ళో నాకు తెలుసు. వాడికి అదే చెప్పాను.

కచేరీల విషయంలో మేము పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నే. చెవులకు రక్షణ లేకుండా ఎవరూ లోపలికి అడుగుపెట్టకూడదు. ఇక్కడ చాలా హాళ్ళలో 14 ఏళ్ళలోపు వాళ్ళను నిలబడే చోటికి పంపరు కనుక అబ్బాయి వచ్చిన రోజున అందరమూ కుర్చీల్లోనే. అమ్మాయి ఇప్పుడు నాతో కింద నిలబడుతుంది. తోసుకుంటూ గంతులేసే గుంపులో ఎవరైనా పడిపోతే ముందు వాళ్ళను లేపాలన్నది అక్కడ అందరికీ తెలిసిన నియమం. మొదటిసారే తనను ఒకరు లేపారు, ఆ తరువాత తను ఇంకొకరిని లేపింది.

ఆ శరదృతువులో మా అన్న లండన్‌కు పని మీద వస్తూ మేనల్లుడికి మేకతోలు తప్పెట ఒకటి తెచ్చాడు. అమ్మాయి తన గిటార్ తీగలను అయోమీ లాగా మూడు అర్ధస్వరాలు దించుకుంది. ఇద్దరూ గ్యారేజీలో కలిసి వాయిద్దామని కూర్చుంటే, ఈ ఊరి చెమ్మకు తోలు సాగి తప్పెట బొద్దుగా, మూగగా మోగుతోంది. తీగలకు వదులు కావాలి, తోలుకు బిగువు కావాలి. తప్పెటను మంట దగ్గర కాచాలని వాడికి తెలుసు. గ్యారేజీలో మంట పెట్టనివ్వనని నేనన్నాను. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కాస్తే అయిదు నిమిషాలు ఖంగుమని మోగి మళ్ళీ చల్లబడుతోంది. ఆ మోగిన అయిదు నిమిషాలూ కూడా గిటార్‌తో కుదరక ఇద్దరూ పోట్లాడుకున్నారు. చివరికి వీడియో కాల్‌లో తాతను పంచాయతీకి పిలిచారు. ఎండలో పెట్టండిరా అన్నాడు నాన్న. బర్మింగ్‌హామ్‌లో నవంబరులో ఎండ ఎక్కడిదని వాడు అడిగాడు.

"అట్టయితే మీ అక్కనే తీగలు బిగించుకోమను," అన్నాడు నాన్న.