గాలి కొట్టినవాడి కచేరీ

మన బడి సంచికకి ఏదైనా రాయమంటే అందరూ హెడ్మాస్టారి బెత్తం గురించో, ఇంటర్వెల్లో కొనుక్కున్న జీళ్ళ గురించో రాస్తారు. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌లోనే ఉన్నారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కాలవ గట్టు మీది చర్చిలో జరిగిన ఆర్గన్ కచేరీ గురించి రాస్తాను. దాన్ని ఊరంతా చూసింది. నేను చూడలేదు, గాలి కొట్టాను.

ఆ ఆర్గన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎప్పుడో దొరల కాలంలో పడవ మీద వచ్చిందనేవారు. గొట్టాలున్న పెద్ద ఆర్గన్ కాదు. అలాంటివి చూడాలంటే మద్రాసులో సెయింట్ జార్జి కెథీడ్రల్‌కో, సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌కో వెళ్ళాలి. మనది హార్మోనియంలో ఉన్నట్టే ఇత్తడి రీడ్లతో పలికేది. కాకపోతే బీరువా అంత ఉండేది. వేళ్ళతో నొక్కే మెట్ల వరసలు రెండు, ఒకదాని పైన ఒకటి. కింద కాళ్ళతో వాయించడానికి చెక్క మెట్లు ఇంకో వరస. కాళ్ళు స్వరాలు వాయిస్తుంటే గాలి తిత్తి తొక్కేదెవరు? అందుకని పక్కన ఒక చేతిపిడి ఉండేది. బోరింగు కొట్టినట్టు దాన్ని పైకీ కిందికీ ఆడించాలి. ఆ పనికి నన్ను పెట్టింది సైన్సు మాస్టారు. నా చదువు చూసి కాదు, జబ్బలు చూసి.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం అది. వాయించడానికి జర్మనీ నుంచి ఒకాయన వస్తున్నారని తెలిసేసరికి తిత్తి చూస్తే ఎలుకలు కొరికేసి ఉంది. కాలవ చెమ్మకి చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు పైకి రావడం మానేసింది. పద్యనాటకాలకి వాయించే హార్మోనిస్టుని పిలిచారు. ఆయన రెండు రోజులు కూర్చుని మేకతోలు అతికించి, ఒక్కో రీడూ ఊడదీసి తుడిచి పెట్టాడు. డబ్బులు వద్దన్నాడు. “ముందు వరసలో కుర్చీ వేయించండయ్యగారూ, చాలు” అన్నాడట. రేడియోలో హార్మోనియం మీద నిషేధం నడుస్తున్న రోజులవి. 1940లో పెట్టిన ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. మెట్ల వాయిద్యం మీద స్వరాన్ని జార్చి ఊపే గమకం పలకదని వాళ్ళ అభ్యంతరం. ఆ కోపం ఆయనకి చివరిదాకా పోలేదు.

వచ్చినాయన సన్నగా, పొడుగ్గా, ఎండకి కందిపోయి ఉన్నాడు. సంచీలోంచి గుడ్డలో చుట్టిన బూట్లు తీశాడు. పల్చటి అట్టతో, కాలి మెట్ల మీద వాయించడానికే కుట్టించుకున్నవి. మన చర్చిలో చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి కదా. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. పాస్టరు అయ్యగారు అటూ ఇటూ చూసి ఇంగ్లీషులో ఏదో నసిగారు. ఆయన తల ఊపి బూట్లు మళ్ళీ గుడ్డలో చుట్టేసి, మేజోళ్ళతోనే కూర్చున్నాడు. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అది ఊరందరిలో నాకొక్కడికే తెలుసు. ఎందుకంటే నేను కూర్చున్న మూల నుంచి కనిపించేవి రెండే: ఆయన పాదాలూ, దారానికి వేలాడే సీసం గుండూ.

ఆ గుండే నా పాఠం. తిత్తి నిండితే కిందికి దిగుతుంది, గాలి తగ్గితే పైకి పోతుంది. ఎర్రగీత దాటి పైకి పోకూడదు. అంతే.

మొదట జర్మన్ సంగీతకర్త బాఖ్ గురించి అయ్యగారు నాలుగు మాటలు చెప్పారు. 1705లో, ఇరవయ్యేళ్ళ వయసులో, బుక్స్‌టెహూడె అనే పెద్దాయన ఆర్గన్ వినడానికి ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కి నడిచి వెళ్ళాడట. సుమారు 400 కిలోమీటర్లు. “అంటే ఇంచుమించు రాజమండ్రి నుంచి హైదరాబాదు” అన్నారు. నాలుగు వారాల సెలవు పెట్టి నాలుగు నెలలు ఉండిపోయాడని చెబితే హార్మోనిస్టు గట్టిగా నవ్వాడు. నాటకాల కోసం రేవులు దాటి తిరిగినవాడికి అది తెలియని సంగతేం కాదు మరి. తర్వాత వాయించబోయే పాట బైబిల్లోని పదిమంది కన్యకల ఉపమానం మీదన్నప్పుడు వెనక కూర్చున్న ఆడవాళ్ళు సర్దుకున్నారు. తెలిసిన కథే.

ఆ పాట నాకు సుఖంగా గడిచింది. అసలు కష్టం డి మైనర్ టొకాటా అనే బాఖ్ వాయింపుతో మొదలైంది. మొదట ఒక మెరుపు మెరిసినట్టు కిందికి దిగి ఆగిపోతుంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఆ చిల్లు మేజోడు పాదం అన్నిటికంటే లావు మెట్టు మీద వాలింది. దాని మీద ఒక్కో స్వరమే పేర్చుకుంటూ పోయాడు. పేర్చిన కొద్దీ గుండు పైకి పరుగు. పొడుగు రీడు ఎక్కువ గాలి తింటుందని సైన్సు మాస్టారు చెప్పింది అప్పుడు అర్థమైంది, భుజానికి.

ఆ తర్వాత దాని రెండో భాగం, ఫ్యూగ్. కోలాటంలో ఒకడు ఎత్తుకున్న పదం రెండోవాడు అందుకుంటే మొదటివాడు ఆగుతాడు. ఇక్కడ ఆగడు, తను ఇంకేదో పాడుకుంటూ పక్కనే నడుస్తాడు. మొదట ఒక్క గొంతే కాబట్టి గాలి ఖర్చు తక్కువ. నేను చెయ్యి దించి వింటూ కూర్చున్నాను. రెండో గొంతు, మూడోది... పాదాలు కూడా కదిలేసరికి గుండు ఎర్రగీత దాటేసింది. శబ్దం సన్నగిల్లింది. ఆయన వెనక్కి తిరగలేదు, మడమతో చెక్క మీద ‘టక్’మని కొట్టాడు. ఇక చివరిదాకా నేను ఏమీ వినలేదు. కొట్టాను.

అయిపోయాక పెద్దలు ఒక తెలుగు కీర్తన వాయించమన్నారు. పురుషోత్తమ చౌదరి గారిది ఒకటి అయ్యగారు ఎత్తుకున్నారు. జర్మనీ ఆయన రెండు మూడుసార్లు మెట్ల మీద వెతికాడు. రాగం జారిపోయే చోట మెట్టు లేదు. వెతకడం మానేసి, కింద రెండు మెట్ల మీద రెండు పాదాలూ ఆనించి అలాగే ఉంచేశాడు, షడ్జమం, పంచమం. పైన సంఘమంతా పాడింది. హార్మోనిస్టు కుర్చీలోంచి లేచి, “ఇది మన సుతేనండీ!” అన్నాడు. చర్చి అని కూడా చూసుకోలేదు.

అన్ని చరణాలూ పాడారు. ఒక్కటీ వదల్లేదు. లావు రీడ్లు రెండూ క్షణం ఆగకుండా మోగాయి.

ఇంటికొచ్చి చెయ్యి ఎత్తలేకపోతే అమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి రాసింది. “పాట వినడానికెళ్ళినోడికి జబ్బ వాయడమేంట్రా?” అంది.