తాతలు ఎక్కిన బొంబాయి ట్రాము

నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ఊరికి పోయినా బొంబాయిల బతికొచ్చిన ముసలాయన ఒక్కడన్నా దొరుకుతడు. మగ్గం నడ్వక మిల్లుకు పోయినోళ్లు కొందరు, బిల్డింగుల పనికి పోయినోళ్లు కొందరు, కామాటిపురలనైతే మనోళ్లు ఎన్నో తరాల కిందనే కాపురాలు పెట్టిర్రు. వాళ్లు చూసిన బొంబాయిల ట్రాము ఉండె, అంటే రోడ్డు మీద ఏసిన పట్టాల మీద నడిచే బండి, ఆ సంగతి మన పిల్లలకు ఎవ్వరు చెప్తలేరు.

మొదలు గుర్రాలే గుంజినయ్. 1874 మే 9 నాడు కొలాబా నుంచి క్రాఫర్డ్ మార్కెట్ మీదుగ పైధోనీకి ఒక లైను, బోరీబందర్ (ఇప్పటి సీఎస్‌ఎంటీ స్టేషన్ దిక్కు) నుంచి కాల్బాదేవి మీదుగ మళ్ల పైధోనీకే ఇంకోటి, టికెట్టు మూడణాలు, తర్వాత తగ్గిచ్చిర్రు. మూడణాలంటే ఆ రోజుల్ల కూలోనికి తక్కువేం కాదు. 1907 మే 7న కరెంటు ట్రాము వచ్చింది (మద్రాసుకు 1895లనే వచ్చింది), 1920ల డబుల్ డెక్కర్, 1947ల ట్రాములు నడిపే కంపెనీ మొత్తం మున్సిపల్ కార్పొరేషన్ చేతికి పోయింది, ఇప్పుడు ముంబైల తిరిగే బెస్ట్ (BEST) బస్సులు ఆ కార్పొరేషన్‌వే.

మా తాత పరేల్ దిక్కు మిల్లుల చేసిండు. డ్రైవరు నిలబడే నడిపేటోడట, ముంగట ఎవరన్నా అడ్డమొస్తే కాలుతోని తొక్కి ఠంగ్ ఠంగ్‌మని గంట కొట్టేటోడట, లైను ఆఖరుకు పోయినంక బండిని మలిపేది లేదు, కండక్టరు దిగి పైన కరెంటు తీగకు ఆనే పొడుగు కర్రను తాడుతోని గుంజి అటు దిక్కుకు తిప్పుతడు, డ్రైవరు ఆ కొసకు పోయి నిలబడ్తడు, ఇగ అదే ముంగటి దిక్కు. తాత ఇది చేతులు తిప్పుకుంట చెప్తుండె, నాకు ఇప్పటికీ కండ్ల ముంగట్నే ఉన్నది.

1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్‌కు ఆఖరి ట్రాము నడిచింది, చూసెతందుకు రోడ్డు పొడుగూత జనమే జనం. బస్సులు, కార్లు ఎక్కువైనయ్, ట్రాము మెల్లగ పోతది, ట్రాఫిక్‌కు అడ్డం అన్నరు. నేనైతే ఒప్పుకోను, పేదోడు తక్కువ పైసలతోని పనికి పోయే బండి అది, కలకత్తాల అయితే ఇంకా ఎన్నో ఏండ్లు నడిపిర్రు కదా.

1964కు ముందు బొంబాయిల ఉన్నోళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటి ఉంటది. మీ ఇంట్ల ఉంటే ఏ లైను ఎక్కిర్రు, ఎక్కడ దిగిర్రు, టికెట్టు ఎంత ఇచ్చిర్రు అన్నీ అడుగుండ్రి, ఫోన్ల రికార్డు చేసి పెట్టుండ్రి, నాకు పంపితే ఇక్కడ రాస్త.