అద్దె అటక

అమెరికాలో షార్లెట్ నుంచి వెస్ట్ వర్జీనియాలోని బ్లూఫీల్డ్‌కి ఇల్లు మారుతూ సోఫా కాళ్లు విప్పుతుండగా బ్లూఫీల్డ్ ఇంటాయన ఫోన్ చేశాడు. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పోయిందట, నీళ్ల పైపులు కూడా మార్చాలట, ఇల్లివ్వడానికి ఇంకో మూడు వారాలు పడుతుందట. చాలా మర్యాదగానే చెప్పాడు. కానీ 20 అడుగుల అద్దె ట్రక్కు అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. అపార్ట్‌మెంట్ తాళాలు మర్నాటికల్లా అప్పగించాలి. సోమవారం మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాలి. ఇది 2024 జూలై సంగతి.

మా ఆవిడ డాక్టరు. జె-1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, చేసినవాళ్లు అది అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండి రావాలి. అలా వెళ్లకూడదనుకుంటే డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచెయ్యాలి. దీన్ని కాన్రాడ్ 30 అంటారు, ఏడాదికి రాష్ట్రానికి 30 సీట్లు. అప్పలాచియన్ కొండల్లో పేరు కూడా వినని ఊళ్లలో మన డాక్టర్లు తగలడానికి ఇదొక కారణం. మాకు వెస్ట్ వర్జీనియా దొరికింది. నేను ఇంట్లోంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ వాణ్ణి కనక సామాన్ల శాఖ నాకొచ్చింది.

ఆసుపత్రి వాళ్లు ఒక నెలకు రెండు గదుల ఫర్నిష్డ్ అపార్ట్‌మెంట్ ఇస్తామన్నారు. అందులో మా సూట్‌కేసులు పడితే గొప్ప. ఆ రాత్రి టెన్షన్‌లో ఫోన్ ముందేసుకుని బ్లూఫీల్డ్‌లో సెల్ఫ్ స్టోరేజ్ వెతికాను. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది, నెలకు 70 డాలర్లు. కార్డు నంబరు కొట్టాను, గేటు కోడ్ వచ్చేసింది.

"అంటే ఏమిటి బాబూ?" అని అడిగారు అత్తయ్యగారు. ఆవిడ కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని శృంగవరపుకోట నుంచి వచ్చారు.

"రేకుల షట్టర్ ఉన్న గదులు వరసగా కట్టి అద్దెకిస్తారండీ. మన సామాను మనమే పెట్టుకుని, మన తాళం మనమే వేసుకోవాలి. అద్దె కట్టకపోతే వేలం వేసేస్తారు."

"అద్దె అటకన్నమాట."

ఇంతకన్నా మంచి అనువాదం నాకు ఇప్పటికీ దొరకలేదు. ఈ దేశంలో ఇలాంటివి 50,000 పైనే ఉన్నాయి. నాలుగేసి బెడ్‌రూముల ఇళ్లున్న జనానికి ఇన్ని అటకలు ఎందుకా అని నేనూ నవ్వుకున్నవాణ్ణే. నిబంధనలు కూడా చదివి వినిపించాను. గ్యాస్ సిలిండర్లు, పెయింట్లు, తినే వస్తువులు పెట్టకూడదు. చివరి మాటకు అత్తయ్యగారు "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"ని నేను సరిగ్గా వినలేదు.

షార్లెట్ నుంచి బ్లూఫీల్డ్ సుమారు 140 మైళ్లు, దాదాపు అంతా ఐ-77 హైవే మీదే. మా ఆవిడ కారులో ముందు వెళ్లింది. ట్రక్కులో నేను, అత్తయ్యగారు, ఆవిడ రెండు పాదాల మధ్య ఒక ఆవకాయ జాడీ. వర్జీనియాలో అడుగుపెట్టామో లేదో బ్లూ రిడ్జ్ కొండ గోడలా ఎదురొచ్చింది. ఫ్యాన్సీ గ్యాప్ కనుమ ఎక్కడం అక్కడ మొదలు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ట్రక్కు గంటకు 35 మైళ్లు దాటలేదు. హజార్డ్ లైట్లు వేసుకుని కుడి పక్కన మూలుగుతూ ఎక్కుతుంటే, కట్టెల లారీ కూడా మమ్మల్ని దాటిపోయింది.

"మా అనంతగిరి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నయం బాబూ" అన్నారు అత్తయ్యగారు.

పైకి వెళ్లేకొద్దీ పొగమంచు కమ్ముకుంది. 2013 మార్చి 31న ఇక్కడే మంచులో 95 బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ముగ్గురు పోయారు. ఆ తరవాత మంచును బట్టి వేగపరిమితి మార్చే ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అత్తయ్యగారికి చెప్పలేదు. ఆవిడ విష్ణు సహస్రనామం అందుకున్నారు కాబట్టి చెప్పాల్సిన అవసరం కూడా కనపడలేదు.

విథ్‌విల్ దగ్గర ఇంకో వింత. ఐ-77, ఐ-81 కొన్ని మైళ్లు ఒకే రోడ్డు మీద నడుస్తాయి. మనం వెళ్లేది ఒకవైపే, బోర్డులు మాత్రం రెండు: 77 ఉత్తరం, 81 దక్షిణం. ఆవిడ రిటైర్డ్ టీచరు, బోర్డులన్నీ పైకి చదువుతారు. "ఏది నిజం బాబూ?" అని అడిగారు. రెండూ నిజమే అన్నాను. నిజానికి ఆ సమయంలో రోడ్డు తూర్పుకో పడమరకో పోతూ ఉంటుంది.

తరవాత రెండు సొరంగాలు. మొదటిది బిగ్ వాకర్ కొండ కింద, రెండోది ఈస్ట్ రివర్ కొండ కింద. రెండోది మైలు పైనే ఉంటుంది, 1974లో తెరిచారు. రాష్ట్రాల సరిహద్దు దాని లోపలే. వర్జీనియాలో దూరి వెస్ట్ వర్జీనియాలో తేలతాం. "అరకు రైలు లైనులో 58" అన్నారు అత్తయ్యగారు, ఇద్దరు మనవలున్నవాళ్ల ముందు ఏడుగురున్నవాళ్లు మాట్లాడినట్టు.

ఊళ్లోకి దిగగానే ఆవిడ ముఖం వెలిగింది. బ్లూఫీల్డ్ నడిబొడ్డునే రైల్వే యార్డు, బొగ్గు నింపిన వ్యాగన్లు బారులు తీరి ఉన్నాయి. పోకహంటాస్ గనుల బొగ్గు ఈ దారినే నార్‌ఫోక్ రేవుకు పోతుంది. బైలదిల్లా ఇనుప రాయి కొత్తవలస మీదుగా విశాఖ రేవుకు దిగడం చూస్తూ పెరిగిన మనిషికి అంతకన్నా పరిచయం ఏం కావాలి? ఆ రైళ్లు కట్టిన ఊరే ఇది. 1950లో 21,000 దాటిన జనం 2020 లెక్కల్లో పదివేలకు లోపే. కొండవాలున ఇళ్లు బోలెడు, చాలా మూసే ఉన్నాయి. ఇన్ని ఖాళీ ఇళ్లుండీ అద్దెకు ఇల్లు దొరక్కపోవడమేమిటి అని షార్లెట్‌లో విసుక్కున్నాను. వచ్చి చూశాక తెలిసింది, మూసిన ఇంట్లో ముందు పోయేవి ఫర్నేసూ పైపులే.

నేను బుక్ చేసిన స్టోరేజ్ ఏటి పక్కన. చదునుగా, సిమెంటు నేలతో, ట్రక్కు తిప్పుకోవడానికి హాయిగా ఉంది. మా గది షట్టర్ ఎత్తి లోపల కొలతలు చూసుకుంటున్నాను. అత్తయ్యగారు బయటే నిలబడి పక్క షట్టర్‌ను చూస్తున్నారు.

"ఈ గీత చూశారా?"

మోకాలి ఎత్తున, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, పదిహేను షట్టర్ల మీదా ఒకే మట్టంలో పల్చటి మట్టి గీత. పైన తెలుపు, కింద టీ మరక రంగు. ఆవిడ గోటితో గీకితే పొడి రాలింది. "గోస్తని వచ్చిపోయాక మా దొడ్డి గోడ ఇలాగే ఉండేది. ఇక్కడొద్దు బాబూ."

కట్టిన 70 డాలర్లు వెనక్కి రాలేదు. ఫోన్‌లో అమ్మాయి "బుకింగ్‌లో రాసే ఉంది కదా" అంది. ఉందేమో.

మా ఆవిడకు ఫోన్ చేస్తే, తనకు ఊరు చూపిస్తున్న నర్సు ఇంకో చోటు చెప్పింది. కొండ మీద కంకర రోడ్డు, రెండు వరసల రేకుల గదులు, గేటు లేదు, ఆఫీసు లేదు, చెక్క మీద ఫోన్ నంబరు. పావుగంటకు పికప్ ట్రక్కులో ఒక పెద్దాయన వచ్చాడు. ఎక్కడినుంచి, ఎవరి తాలూకు, ఏ చర్చి అని వరసగా అడిగాడు. మన పల్లెల్లో అడిగే ప్రశ్నలే కనక మాకేం కొత్తనిపించలేదు. మట్టి గీత సంగతి చెబితే తలాడించాడు. "ఈ కొండల్లో చదును కనిపిస్తే ఎవరు చేశారో అడగాలి. ఏరు చేసిందా, బుల్డోజర్ చేసిందా? ఇది బుల్డోజర్ చేసింది" అన్నాడు. నేను మళ్లీ చెప్పించుకుని మరీ విన్నాను. ఏడు నెలల తరవాత, 2025 ఫిబ్రవరిలో, పక్కనున్న మెక్‌డవల్ కౌంటీ వరదలో మునిగినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

రసీదు కార్బన్ పేపరు పుస్తకంలో రాసిచ్చాడు. నా సన్న తాళాన్ని చూసి, కోసెయ్యడానికి వీల్లేని గుండ్రటి తాళం కొనుక్కోమన్నాడు. కొండ మీద వరద రాదు, చెమ్మ మాత్రం వస్తుందని తనే చెక్క పాలెట్లు తెచ్చి కింద పరిచాడు. గోడకు జానెడు వదిలి పేర్చమన్నాడు. ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా తువ్వాలు అడ్డం పెట్టాం, పరుపులు కవరు తొడిగి నిలబెట్టాం. ఎప్పుడు ఏది కావాల్సొస్తుందోనని మధ్యలో మనిషి నడిచేంత సందు వదిలాను. సర్దడంలో అత్తయ్యగారిదే పెత్తనం. నేను మోశాను.

పోతూ పోతూ పెద్దాయన ఊరి గొప్ప చెప్పాడు. 2,600 అడుగుల ఎత్తు కదా, దీనికి ప్రకృతి ఏసీ పెట్టిన ఊరని పేరట. వేడి 90 ఫారెన్‌హీట్ తాకితే మర్నాడు ఊరంతటికీ నిమ్మరసం ఉచితంగా పోస్తారు. అత్తయ్యగారు సెల్సియస్ ఎంతో అడిగారు. 32 అన్నాను. "మాకది సంక్రాంతి లెక్క" అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

మూడు వారాలన్న ఇల్లు ఏడు వారాలు తీసుకుంది. ఆగస్టు చివర షట్టర్ ఎత్తేసరికి రేకుల వేడి, తడి అట్టపెట్టెల వాసన ఒక్కసారి ముఖాన కొట్టాయి. ముందు పెట్టిన డబ్బాలో కొండపల్లి బొమ్మలు చూశాను. ఏనుగు అంబారీ మీద రాజుగారికి తెల్లటి బూజు గడ్డంలా మొలిచింది. ఆ బొమ్మలు చేసే పొణికి చెక్క చెమ్మను ఊరికే వదలదు. వాటిని అపార్ట్‌మెంట్‌కి తీసుకుపోవాల్సింది, తప్పు నాదే. పాత బియ్యపు సంచిలో దుప్పట్లు కుక్కాను, దాని మూల ఎలుకలు కొరికేశాయి. సంచి ఖాళీయే, వాసన చాలినట్టుంది వాటికి.

ఈ రెంటి మధ్యలోంచి ఇంకో వాసన వస్తోంది. నాకు బాగా తెలిసిన వాసన, ఇక్కడ ఉండకూడని వాసన. వాషింగ్ మెషీన్ మూత తీశాను. లోపల పాత చీరలో చుట్టిన జాడీ, మూతికి వాసెన బిగించి ఉంది. గుడ్డ అంచు ఒకచోట ఎలుక కొరికి, అక్కడితో ఆపేసింది.

"రెండు జాడీలు కదా తెచ్చాను, ట్రక్కులో ఒకటే కాళ్ల దగ్గర పట్టింది" అన్నారు అత్తయ్యగారు వెనకనుంచి.

"తినేవి పెట్టకూడదని చెప్పాను కదండీ."

ఆవిడ వాసెన విప్పి, నూనె పైకి తేలిందో లేదో చూసుకుని, మళ్లీ కట్టేశారు. "ఎండకి బాగా ఊరింది బాబూ. ఆ పెద్దాయన కారం తింటారేమో కనుక్కోండి."